తాత, నాన్న, ఇప్పుడు నేను: ఇంట్లో తరాలుగా వస్తున్న చెడు అలవాటును విశ్వాసంతో ఎలా తెంచుకోవాలి

"వంశ శాపం తెంపే ప్రార్థన ఏదైనా ఉంటే చెప్పండి" అని అడిగేవాళ్లు చాలామంది. కాస్త వివరంగా మాట్లాడితే తెలిసేది ఇంచుమించు ఒకటే కథ. తాత తాగేవాడు, నాన్న తాగి తాగి పోయాడు, ఇప్పుడు తమ్ముడు మొదలుపెట్టాడు. లేదంటే నాన్న అమ్మను కొట్టేవాడు, పెద్దయ్యాక అలా ఉండకూడదని చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, కానీ పెళ్లయ్యాక నా నోటి నుంచి సరిగ్గా ఆయన మాటలే వస్తున్నాయి. బాప్తిస్మం తీసుకున్నాను, ఉపవాసాలున్నాను, ఎందుకు మారలేదు?

అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఏం చేయాలో వరసగా ఇక్కడ రాస్తున్నాను. సిద్ధాంతం మాత్రం కొంచెమే.

నిర్గమకాండం 20:5లో "మూడు నాలుగు తరములు" అన్న మాట చూసి చాలామంది భయపడతారు. ఆ వచనం దేవుణ్ని ద్వేషించేవాళ్ల గురించి చెబుతోంది, పక్క వచనంలోనే వెయ్యి తరాల కరుణ ఉంది. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెతను బబులోను చెరకాలంలో ఇశ్రాయేలీయులు వల్లిస్తుంటే, ఇక ఆ మాట ఎత్తవద్దని దేవుడే యెహెజ్కేలు 18లో గట్టిగా చెప్పాడు. తండ్రి దోషాన్ని కొడుకు మోయడని అదే అధ్యాయంలో ఉంది. శాపం సంగతి గలతీ 3:13 తేల్చేసింది, క్రీస్తు దాన్ని తన మీద వేసుకున్నాడు. మిగిలింది అలవాటు. 1 పేతురు 1:18 దాన్ని "పితృపారంపర్యమైన మీ వ్యర్థప్రవర్తన" అంటుంది. దాన్నుంచి కూడా విమోచన జరిగిందనే పేతురు రాశాడు. అయినా ఎఫెసు సంఘంలో అప్పటికే నమ్ముకున్నవాళ్లకు పౌలు పాత స్వభావాన్ని వదులుకోండి, కొత్తది ధరించుకోండి అని రాయాల్సి వచ్చింది. అంటే విడుదల ఆయన ఇచ్చేశాడు, వదులుకోవడం మాత్రం మనం రోజూ చేయాలి. ఆ రోజువారీ పని గురించే ఇదంతా.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక

ఇప్పుడు, ఈ వారంలో, మీ ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని గానీ పిల్లల్ని గానీ కొడుతుంటే ఈ మెట్లన్నీ పక్కన పెట్టండి. ముందు క్షేమంగా ఉండే చోటికి చేరండి. అత్యవసరమైతే 112, స్త్రీలకు 181, పిల్లల కోసం 1098. 2005 గృహ హింస చట్టం ప్రకారం ఉంటున్న ఇంట్లోంచి మిమ్మల్ని గెంటేయకుండా, మీ జోలికి రాకుండా కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రానికి వెళితే దారి చూపిస్తారు. "సహించమ్మా, ప్రార్థన చేయి, దేవుడు మారుస్తాడు" అని ఎవరైనా తిరిగి ఆ ఇంటికే పంపిస్తుంటే, వాళ్లు ఎంత పెద్ద సేవకులైనా ఆ ఒక్క విషయంలో వినకండి. సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు తప్పుకుని పారిపోయాడు, అది అవిశ్వాసమని బైబిల్ ఎక్కడా అనలేదు.

కావలసినవి

ఒక నోటు పుస్తకం (ఫోన్‌లో వద్దు, ఇంట్లో అందరూ చూస్తారు), బైబిల్, రోజుకు ఇరవై నిమిషాలు, కనీసం మూడు నెలల ఓపిక. వీటన్నిటికంటే ముఖ్యం ఒక మనిషి. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు, మీ బంధువు కాకూడదు, విన్నది కడుపులో దాచుకోగలిగినవాళ్లై ఉండాలి. తాగుడు సంగతైతే డాక్టరు కూడా తప్పనిసరి.

అక్కర్లేనివి: ప్రత్యేకమైన నూనె, శాప విమోచన కూడిక, దాని కోసం కట్టే కానుక. "మీ వంశంలో ఏడు కట్లున్నాయి, ఒక్కో కట్టుకు ఇంత" అని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి. సిలువ మీద ఉచితంగా దొరికినదాన్ని మళ్లీ డబ్బు పెట్టి కొనాల్సిన పని లేదు.

1. మూడు తరాలు రాయండి

ఒక పేజీలో పైన తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ. మధ్యలో అమ్మానాన్నలు, మేనమామలు, బాబాయిలు, అత్తలు. కింద మీరు, మీ తోబుట్టువులు. ఒక్కొక్కరి పక్కన మూడు సంగతులు రాయండి: కోపం వస్తే ఏం చేసేవారు, డబ్బు చేతికొస్తే ఏం చేసేవారు, తప్పు చేసి దొరికిపోతే ఏం చేసేవారు. ఈ మూడు ప్రశ్నలు చాలు, దాదాపు అన్నీ బయటపడతాయి.

ఉదాహరణకు ఇలా: "తాతయ్య: కోపమొస్తే కంచం విసిరేవాడు. నాన్న: కంచం విసరడు, వారం రోజులు మాట్లాడడు. నేను: మాట్లాడను, పిల్లల మీద విసుక్కుంటాను." రూపం మారుతూ వస్తుందని ఇక్కడ కనిపిస్తోంది చూడండి. తాతలా కంచం విసరట్లేదు కదా, మా ఇంట్లో ఆ సమస్య పోయింది అనుకుంటే పొరపాటే.

ఇలా రాయడం పెద్దలను అవమానించడమేమో అని కొందరు వెనకాడతారు. బైబిల్ చేసింది ఇదే. అబ్రాహాము భార్యను చెల్లెలని చెప్పాడు, ఇస్సాకు అదే అబద్ధం ఆడాడు, యాకోబు మేకపిల్లల చర్మం కట్టుకుని తండ్రిని మోసం చేశాడు, ఆ యాకోబునే అతని కొడుకులు మేకపిల్ల రక్తం పూసిన అంగీతో మోసం చేశారు. ఇస్సాకుకు ఏశావు ముద్దు, యాకోబుకు యోసేపు ముద్దు. నాలుగు తరాల లోటుపాట్లు దాచకుండా రాసిపెట్టిన పుస్తకాన్ని మనం పరిశుద్ధ గ్రంథం అంటున్నాం.

మంచివి కూడా రాయండి. పౌలు తిమోతి విశ్వాసాన్ని అమ్మమ్మ లోయి, అమ్మ యునీకేల దగ్గర మొదలైనదిగా చెప్పాడు. మీ ఇంట్లో కూడా పస్తులున్నా అప్పు ఎగ్గొట్టని నాయనమ్మ ఉండి ఉండవచ్చు. ఆ గుణం ఎలా వచ్చిందో తర్వాత పనికొస్తుంది.

2. ఒక్కటే ఎంచుకోండి

తాగుడు, కోపం, అప్పులు, అబద్ధాలు, అన్నీ ఒకేసారి పట్టుకుంటే నెలలోపే అలసిపోతారు. ఇప్పుడు ఇంట్లో ఎవరికైనా ఎక్కువ దెబ్బ తగులుతున్నది ఏదో అదే ముందు. దాన్ని పనిగా రాయండి, గుణంగా కాదు. "నాకు కోపం ఎక్కువ" అని రాస్తే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. "పాప లెక్కల్లో తప్పు చేసినప్పుడు తల మీద మొట్టికాయ వేస్తున్నాను, మొద్దు అని తిడుతున్నాను." ఇలా రాస్తే రేపు జరిగిందో లేదో తెలుస్తుంది.

తాగుడు, కొట్టుడు లేకపోయినా మా ఇల్లు బాగానే ఉందనుకునేవాళ్లు కట్నం సంగతి చూసుకోండి. తాత తీసుకున్నాడు, నాన్న తీసుకున్నాడు, ఇప్పుడు "అబ్బాయి తరఫు మేమేమీ అడగలేదు, వాళ్లే ఇష్టపడి పెడుతున్నారు" అంటూ చర్చిలోనే పెళ్లి. 1961 నుంచి నేరం. ఇదీ పితృపారంపర్యమే.

3. ఒప్పుకోలు

నెహెమ్యా తన ప్రార్థనలో "నేనును నా తండ్రి యింటివారును" పాపం చేశామన్నాడు. తండ్రి ఇంటివాళ్లను కలుపుకున్నాడు, ముందు తనను పెట్టుకున్నాడు. మీరూ ఆ వరసలోనే చేయండి. మాటలు దొరక్కపోతే ఇలా మొదలుపెట్టవచ్చు:

"తండ్రీ, మా తాత చేసింది, మా నాన్న చేసింది నాకు తెలుసు. అది నా మీద పడింది, నొప్పి పుట్టింది. ఇప్పుడు అదే నేను నా కూతురికి చేస్తున్నాను. ఇది నాది, నాన్న మీద తొయ్యను. యేసు రక్తం దీన్నుంచి నన్ను విడిపించిందని నమ్ముతున్నాను. ఈ రోజు సాయంత్రం హోంవర్క్ దగ్గర కూర్చున్నప్పుడు నాకు తోడుండు."

చివరి వాక్యం గమనించండి. సమయం, చోటు చెప్పి అడగడం చాలా ముఖ్యం. "నా కోపం తీసేయి ప్రభువా" అని ఏళ్ల తరబడి అడిగినవాళ్లు ఇలా ఒకసారి అడిగి చూడండి.

ఏడుపు రాకపోతే, ఒంట్లో ఏమీ అనిపించకపోతే ప్రార్థన పనిచేయలేదని అనుకోకండి. ప్రార్థనలో కిందపడి లేచినవాళ్లందరూ మారలేదు, మారినవాళ్లందరూ కిందపడలేదు.

4. వారం రోజులు గమనించి రాయండి

ఈ వారం ఇంకేమీ చేయకండి. ఆ తప్పు జరిగిన ప్రతిసారీ (జరగబోయి ఆగినప్పుడు కూడా) రాయండి: ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరున్నారు, దానికి ముందు అరగంటలో ఏం జరిగింది, ఒంట్లో ఏమైంది, మనసులో ఏమనుకున్నారు.

వారం తర్వాత చదివితే ఒక వరస కనిపిస్తుంది. రాత్రి ఎనిమిది దాటాక, అన్నం తినకముందు, ఆఫీసులో మాట పడ్డ రోజున. మొదట దవడ బిగుసుకుంటుంది, తర్వాత "నన్నెవరూ లెక్కచేయరు" అన్న ఆలోచన, ఆ తర్వాతే చెయ్యి లేస్తుంది. చెయ్యి లేచాక ఆపడం కష్టం. దవడ బిగుసుకున్నప్పుడు ఆపవచ్చు. మీకు పట్టు దొరికేది అక్కడే.

5. బదులు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోండి

ఎఫెసీ 4:28లో దొంగతో దొంగిలించకు అని చెప్పి పౌలు ఊరుకోలేదు, చేతులతో కష్టపడి అక్కరలో ఉన్నవాళ్లకు పెట్టమన్నాడు. అవే చేతులకు ఇంకో పని ఇచ్చాడు. మీరూ అలాగే చేయాలి.

కోపమైతే: దవడ బిగుసుకోగానే లేచి, "అమ్మా, పది నిమిషాల్లో వస్తాను" అని పాపకు చెప్పి బయటికి వెళ్లండి. చెప్పకుండా వెళితే అది అలగడం అవుతుంది. పది నిమిషాలన్నారు కాబట్టి పది నిమిషాలకు రండి. హోంవర్క్ భోజనం తర్వాతకు మార్చినా చాలామందికి సగం తగ్గుతుంది.

మాట్లాడకుండా బిగుసుకుపోయే అలవాటైతే: సూర్యుడు అస్తమించే వరకు కోపం నిలవకూడదన్న మాటను అక్షరాలా పట్టుకోండి. నిద్రపోయేలోపు ఒక్క వాక్యం. "నాకింకా బాధగానే ఉంది, రేపు పొద్దున మాట్లాడతాను" అన్నా చాలు.

అప్పులైతే: కొత్త చీటీ, కొత్త నోటు, ఫోన్‌లో లోన్ యాప్, ఏదైనా సరే భార్యకో భర్తకో చెప్పకుండా సంతకం పెట్టనని రాసుకోండి. ఉన్న అప్పులన్నీ ఒకే కాగితం మీద వేసి ఇద్దరూ చూడండి. ఆ కాగితం చూపించడమే ఇందులో అన్నిటికంటే కష్టం.

తాగుడు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఇక్కడ ప్రాణం పోయే తప్పు జరుగుతుంది. ఏళ్లుగా రోజూ బాగా తాగేవాళ్లు కూడికలో తీర్మానం చేసుకుని ఆ రోజే ఒక్కసారిగా మానేస్తే, కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. కొందరికి ఒకటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వస్తాయి. రెండో మూడో రోజున లేని మనుషులు కనిపించడం, మాటలు వినిపించడం, కేకలు వేయడం. ఇంట్లోవాళ్లు అది చూసి దయ్యం పట్టిందని, విడుదల కాబోతోందని ప్రార్థనకు తీసుకెళ్తారు. అది దయ్యం కాదు, తాగుడు ఆగినందుకు మెదడు తిరగబడటం. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ప్రార్థన అంబులెన్సులో చేయండి. అసలు మానేయాలనుకున్న రోజే ముందు డాక్టరును కలిస్తే ఈ బాధ చాలావరకు తప్పించే మందులున్నాయి. 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, 14416 టెలి మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), రెండూ ఉచితమే. మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు. ఆ తర్వాత ఊళ్లో ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే బృందం) కూడిక ఉంటే వెళ్లండి. చర్చిలో ఎవరికీ చెప్పుకోలేనిది అక్కడ తేలిగ్గా చెప్పుకోవచ్చు.

6. ఒకరికి చెప్పండి

యాకోబు 5:16 పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకోమంటోంది. రెండో మెట్టులో రాసిన వాక్యాన్ని ఆ ఒక్క మనిషికి చదివి వినిపించండి. వారానికోసారి వాళ్లు మిమ్మల్ని ఒకే ప్రశ్న అడగాలి: "ఈ వారం మొట్టికాయ పడిందా?" "ఎలా ఉన్నారు బ్రదర్" అని కాదు. అలా అడిగితే "దేవుని కృప" అంటాం, అయిపోతుంది.

పాస్టరు గారికే చెప్పాలా? ఆయన మంచివారై, రహస్యం నిలిపేవారైతే చెప్పండి. గతంలో ఎవరి సంగతైనా ప్రసంగంలో పేరు లేకుండా చెప్పినా అందరికీ అర్థమైపోయిన సందర్భం ఉంటే వేరొకరిని చూసుకోండి. తోడు ఎవరూ దొరకకపోతే టెలి మానస్‌లో మాట్లాడటంతో మొదలుపెట్టండి, ఈలోగా వెతుకుతూ ఉండండి.

7. దెబ్బ తిన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి

దేవుని దగ్గర ఒప్పుకున్నాను కదా అని ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. జక్కయ్య దాటేయలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు.

మన ఇళ్లలో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు క్షమాపణ చెప్పడం అలవాటు లేదు. మర్నాడు చాక్లెట్ కొనిపెట్టడమే క్షమాపణ. పిల్లలకు అది అర్థం కాదు, తిట్టు మాత్రం గుర్తుంటుంది. కింద కూర్చుని, పాప కళ్లు మీ కళ్లకు సమానంగా ఉన్నప్పుడు ఇలా చెప్పండి: "నిన్న నీ తల మీద కొట్టాను, మొద్దు అన్నాను. అది తప్పు. నువ్వు మొద్దువి కాదు. తప్పు నాది." అక్కడ ఆగండి. "కానీ నువ్వు కూడా సరిగ్గా చదివితే" అన్నారో, చెప్పిందంతా పోతుంది. పాప ఏమీ అనకుండా పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నా బలవంతంగా ముద్దు అడగకండి.

8. క్షమించడం వేరు, హద్దు వేరు

మిమ్మల్ని గాయపరిచిన నాన్న, మామగారు, అన్న ఇంకా ఉంటే క్షమించాలి, అది ఆజ్ఞ. అయితే పిల్లల్ని వాళ్ల దగ్గర ఒంటరిగా వదలాలని ఆజ్ఞ లేదు. యోసేపు అన్నలను చూసి పక్కకెళ్లి ఏడ్చాడు, సంచుల్లో ధాన్యం నింపించాడు, డబ్బు తిరిగి పెట్టించాడు, అయినా నేనే యోసేపునని వెంటనే చెప్పలేదు. రెండోసారి వచ్చేదాకా ఆగి పరీక్షించాడు.

తల్లిదండ్రులను సన్మానించమన్నది కూడా నిలుస్తుంది. మందులు కొనండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి, పండక్కి బట్టలు పెట్టండి. దానితోపాటే ఇలా చెప్పండి: "నాన్నా, మీరు తాగిన రోజు పిల్లలు ఇక్కడ ఉండరు. తాగని రోజు ఎంతసేపైనా ఉంటాం." గొంతు పెంచకుండా, నలుగురిలో కాకుండా, ఆయన తాగి లేనప్పుడు చెప్పాలి. చెప్పాక అలాగే చేయాలి. మొదటి రెండుసార్లు ఇంట్లో గొడవవుతుంది, "పెద్దదానివైపోయావు" అంటారు. రోమా 12:18లో అందరితో సమాధానంగా ఉండమన్న చోటే "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని ఉంది, మీ చేతిలో లేనిది మీ లెక్కలోకి రాదు.

తరచుగా జరిగే పొరపాట్లు

త్వరపడి సాక్ష్యం చెప్పడం అన్నిటికంటే పెద్దది. రెండు వారాలు తాగకపోతే స్టేజీ ఎక్కించేస్తారు. మళ్లీ జారినప్పుడు ఆ మనిషి సిగ్గుతో చర్చికే రాడు. కనీసం ఏడాది ఆగండి, ముందు భార్యాపిల్లలను అడగండి.

కుటుంబ ప్రార్థనను తిట్టడానికి వాడుకోవడం మరొకటి. "ప్రభువా, ఈ అమ్మాయికి పెద్దల మాట వినే మనసు ఇవ్వు" అని కోడలి ముందు గట్టిగా ప్రార్థిస్తే అది ప్రార్థన కాదు, కళ్లు మూసుకుని చేసే గొడవ. పది నిమిషాల ప్రార్థన చాలు, పిల్లలే పాట ఎంచుకోవాలి.

ఇంకొకటి, శాపం అనే మాట వెనక దాక్కోవడం. "మా వంశమే అంత" అన్నంతసేపూ బాధ్యత ఎవరిదీ కాదు. ఆహాజు లాంటి చెడ్డ రాజుకు హిజ్కియా లాంటి మంచి రాజు పుట్టాడు, ఆమోను కొడుకు యోషీయా 8 ఏళ్లకే రాజై తండ్రి దారి పట్టలేదు. హిజ్కియా కొడుకు మనష్షే చెడిపోయాడు, అదీ ఉంది, కాబట్టి మీరు బాగుపడితే పిల్లలు వాళ్లంతట వాళ్లే బాగుపడతారని వదిలేయకండి.

మారుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి

మీ అభిప్రాయం లెక్కలోకి రాదు. అవే పరిస్థితులు మళ్లీ వచ్చినప్పుడు ఏం చేశారన్నదే చూడాలి. యూదా ఒకప్పుడు నాన్న ముద్దుల కొడుకు యోసేపును అమ్మేద్దామన్నాడు. ఏళ్ల తర్వాత నాన్నకు ఇంకో ముద్దుల కొడుకు, బెన్యామీను. అతన్ని వదిలేసి వెళ్లిపోయే అవకాశం వచ్చింది. ఈసారి యూదా వాడి బదులు నేను దాసుడిగా ఉంటాను అన్నాడు.

ఇంట్లో చూడాల్సినవి: మీ బండి చప్పుడు వినగానే పిల్లలు టీవీ కట్టేసి లోపలికి పోతున్నారా, గుమ్మం దగ్గరికి వస్తున్నారా? ప్రోగ్రెస్ రిపోర్టు ముందు ఎవరికి చూపిస్తున్నారు? గ్లాసు పగిలితే పాప మొదట ఎవరి ముఖం చూస్తోంది? భార్య మీకు చెప్పకుండా దాచే సంగతులు తగ్గాయా? నెలకోసారి "ఈ నెల ఎలా ఉన్నాను?" అని భార్యనో భర్తనో అడిగి, వాళ్లు చెప్పింది ఎదురు చెప్పకుండా రాసుకోండి. నాలుగో మెట్టులో రాసిన పేజీలతో పోల్చండి. వారానికి ఐదుసార్లు జరిగేది నెలకు రెండుసార్లు అయితే అది మార్పే. మూడు నెలలైనా అంకె కదలకపోతే మీకు ఇంకా సాయం కావాలి, కౌన్సెలర్‌ను కలవండి.

జారిపోతే ఏం చేయాలి? చాలామంది ఒకసారైనా జారతారు. ఆ రోజు పడుకునేలోపు మూడు పనులు: దెబ్బ తిన్నవాళ్లకు క్షమాపణ, మీ తోడు మనిషికి ఫోన్, పుస్తకంలో తేదీ వేసి ఏం జరిగిందో రెండు వాక్యాలు. మర్నాడు నాలుగో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. మొదటి మూడూ తిరిగి చేయక్కర్లేదు, బాప్తిస్మం మళ్లీ తీసుకోనక్కర్లేదు. జారిన చోట మీ ఐదో మెట్టులో ఏదో సరిపోలేదు, అది మార్చి రాయండి.